లెసన్ ప్లాన్‌లో టెక్నాలజీ: టీచర్లకు నిజంగా పనికొచ్చేలా ఎలా సాయం చేయాలి?

శిక్షణ_డెస్క్:

అందరికీ నమస్తే. టీచర్లకు టెక్నాలజీ శిక్షణ ఇవ్వడం నా ఉద్యోగం. వర్క్‌షాపులు సాధారణంగా ఎలా ఉంటాయో మీకు తెలుసు. పొద్దున ఒక క్విజ్ యాప్, మధ్యాహ్నం స్లైడ్ల తయారీ, మర్నాడు వీడియో ఎడిటింగ్. టీచర్లు శ్రద్ధగానే నేర్చుకుంటారు. కానీ తర్వాత క్లాసులోకి వెళ్లి చూస్తే కొందరు టూల్ జోలికే పోరు. ఇంకొందరు పిరియడ్ అంతా స్లైడ్లు చదివి వినిపిస్తుంటారు.

ఈ మధ్య ఒక టీచర్ వచ్చి "సార్, ఈ యాప్ చాలా బాగుంది, దీన్ని ఏ పాఠంలో పెట్టమంటారు?" అని అడిగారు. ఆ ప్రశ్న దగ్గరే నా ఆలోచన ఆగిపోయింది. పాఠం ముందు రావాలి కదా, యాప్ తర్వాత కదా! మరి ఆ వరుసలో ఆలోచించడం శిక్షణలో ఎలా నేర్పాలి? క్లాసులో ఉన్నవాళ్లు చెప్పండి. సిద్ధాంతం కన్నా మీరు వాడిన పాఠం ఒకటి చూపిస్తే ఇంకా మంచిది.

లెక్కల_మేడమ్:

మంచి ప్రశ్న సార్. నా పాఠమే చెబుతాను. సరళరేఖ సమీకరణం, y = mx + c. ఇందులో m గీత వాలు, c గీత y అక్షాన్ని తాకే చోటు. దీనికి జియోజీబ్రా వాడతాను. ఇది 2001లో మార్కస్ హోహెన్‌వార్టర్ మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్. m కి ఒక స్లైడర్, c కి ఒక స్లైడర్. జరుపుతుంటే గీత కదులుతుంది. చాలా క్లాసుల్లో పాఠం ఇక్కడితో అయిపోతుంది. పిల్లలు రెండు నిమిషాలు స్లైడర్లు అటూ ఇటూ జరిపి "ఓ, తిరుగుతోంది" అంటారు. నోట్‌బుక్‌లో మాత్రం ఏమీ ఉండదు.

నేను స్లైడర్ ఇచ్చే ముందు పని ఇస్తాను. "గీత (2, 5) బిందువు గుండా పోవాలి. అలాంటి గీతలు కనీసం నాలుగు కనుక్కోండి. m, c విలువలు పట్టికలో రాయండి." m = 0 అయితే c = 5. m = 1 అయితే c = 3. m = 2 అయితే c = 1. మూడో వరుసకు వచ్చేసరికి ఎవరో ఒకరు "m ఒకటి పెరిగితే c రెండు తగ్గుతోంది మేడమ్" అంటారు. ఎందుకు రెండే? ఇక్కడ స్క్రీన్ ఆపేయిస్తాను. ఇక మాట్లాడుకోవాల్సింది కాగితం మీద. x = 2 పెడితే 2m + c = 5 వస్తుందని వాళ్లే రాస్తారు.

ఇదే పని గ్రాఫ్ కాగితం మీద చేయిస్తే ఒక్కో గీతకు బోలెడు సమయం పోతుంది, నాలుగు గీతలు పూర్తయ్యేలోపు గంట కొడతారు. జియోజీబ్రా ఇక్కడ నాకు ఇచ్చింది సమయం. ఆ సమయంతో పిల్లలకు పోలిక చూసే అవకాశం దొరికింది. "ఈ టూల్ లేకపోతే ఈ పాఠంలో ఏం పోతుంది?" అని లెసన్ ప్లాన్ రాసేటప్పుడు నన్ను నేను అడుగుతాను. జవాబు రాకపోతే ఆ రోజు బోర్డు, సుద్దముక్క చాలు.

నల్లబల్ల:

మేడమ్ చివర్లో తనను తాను అడుగుతానన్న ప్రశ్న నాకు బాగా నచ్చింది. ఎందుకంటే చాలా పాఠాల్లో ఆ ప్రశ్నకు జవాబు "ఏమీ పోదు" అనే. 2015లో ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాలున్న ఆర్థిక సహకార సంస్థ) నివేదిక ఏం చెప్పింది? బడుల్లో కంప్యూటర్ల మీద భారీగా ఖర్చుపెట్టిన దేశాల్లో పీసా పరీక్షల్లో (15 ఏళ్ల విద్యార్థులకు ఆ సంస్థే పెట్టే అంతర్జాతీయ పరీక్షలు) చదవడం, గణితం, సైన్స్ ఫలితాలు చెప్పుకోదగ్గట్టు మెరుగుపడలేదని. పెరూలో పిల్లలకు ల్యాప్‌టాప్‌లు పంచిన పథకం మీద 2012లో వచ్చిన అధ్యయనంలోనూ గణితం, భాష మార్కుల్లో పెరుగుదల కనిపించలేదు. ముందు పాఠం చెప్పడం మీద శిక్షణ ఇవ్వండి. టూల్స్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

భౌతికం_మాస్టారు:

నల్లబల్ల గారూ, ఆ ఓఈసీడీ నివేదికలోనే ఇంకో మాట కూడా ఉంది. బడిలో కంప్యూటర్‌ను ఓ మోస్తరుగా వాడే పిల్లల ఫలితాలు అరుదుగా వాడేవాళ్ల కన్నా కాస్త మెరుగ్గా ఉన్నాయి. విపరీతంగా వాడేవాళ్లవే బాగా తక్కువ. అంటే ఎంత, ఎక్కడ అన్నదే అసలు విషయం.

1983లో రిచర్డ్ క్లార్క్ అనే పరిశోధకుడు ఒక పోలిక చెప్పారు. సరుకులు మోసుకొచ్చే లారీ మన ఒంటికి పోషణ ఇవ్వదు, పాఠాన్ని పిల్లలకు చేర్చే టీవీ, కంప్యూటర్ లాంటి సాధనం కూడా అంతే, నేర్చుకోవడాన్ని అది పెంచదు అని. దాని మీద దశాబ్దాలుగా వాదన నడుస్తోంది. నేను ఆయనతో చాలావరకు ఏకీభవిస్తాను గానీ, కంటికి కనిపించని విషయాల దగ్గర మాత్రం ఏకీభవించను.

కరెంటు పాఠం తీసుకోండి. "బల్బు దాటాక కరెంటు తగ్గిపోతుంది, బల్బు కొంత తినేస్తుంది కదా" అని పిల్లలు గట్టిగా నమ్ముతారు. పెద్దవాళ్లలోనూ ఈ నమ్మకం ఉంది. నిజమైన బ్యాటరీ, బల్బు పెట్టి చూపిస్తే బల్బు వెలుగుతుంది, అంతే. తీగలో ఏం జరుగుతోందో కనపడదు. ఫెట్ (PhET) సిమ్యులేషన్‌లో, అంటే కంప్యూటర్ తెర మీద నడిపే నమూనా ప్రయోగంలో, ఎలక్ట్రాన్లు చుక్కలుగా కదులుతూ కనిపిస్తాయి. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో ప్రారంభించిన ప్రాజెక్టు ఇది. ఉచితం. కొన్ని సిమ్యులేషన్లు తెలుగులో కూడా ఉన్నాయి.

నేను నడిపే వరుస చెబుతాను. మొదట స్క్రీన్ మీద సర్క్యూట్ ఉంటుంది, స్విచ్ మూయను. "బల్బుకు ముందు, బల్బు తర్వాత కరెంటు ఎలా ఉంటుంది? ఎక్కువా, తక్కువా, సమానమా? కారణంతో రాయండి." అందరూ రాసేదాకా స్విచ్ ముట్టుకోను. తర్వాత పక్కవాళ్లతో వాదించుకోవాలి. అప్పుడు రెండు వైపులా అమ్మీటర్లు (కరెంటు కొలిచే పరికరాలు) పెట్టి స్విచ్ మూస్తాను. రెండింటిలో ఒకే రీడింగ్. క్లాసులో గోల మొదలవుతుంది. వెంటనే ఇంకో బల్బు వరుసగా కలిపితే? రీడింగ్ తగ్గుతుంది, కానీ అన్ని చోట్లా ఒకేలా తగ్గుతుంది. ఇది చాలామంది ఊహించరు. ఇక్కడ మళ్లీ రాయిస్తాను. ముందు ఊహించడం, తర్వాత చూడడం, ఆపై వివరించడం అనే ఈ పద్ధతి సైన్స్ బోధనలో ఎప్పటినుంచో ఉన్నదే.

కొలరాడో పరిశోధకులు 2005లో ప్రచురించిన అధ్యయనంలో, ల్యాబ్‌లో నిజమైన పరికరాలకు బదులు ఈ సిమ్యులేషన్ వాడిన విద్యార్థులు భావనల ప్రశ్నల్లోనే కాదు, తర్వాత నిజమైన సర్క్యూట్ కట్టడంలోనూ మెరుగ్గా చేశారు. అలాగని నేను బ్యాటరీ, తీగలు పక్కన పెట్టను. సిమ్యులేషన్ అయ్యాక పిల్లలు చేత్తో కట్టాల్సిందే.

నల్లబల్ల:

2005 అధ్యయనం ఆసక్తిగా ఉంది, ఒప్పుకుంటాను. కానీ మీ పాఠంలో పని చేసింది ఎలక్ట్రాన్ చుక్కలా, లేక స్విచ్ మూయకుండా రాయించడమా? నాకైతే రెండోదే అనిపిస్తోంది.

భౌతికం_మాస్టారు:

రెండూ సార్. రాయించకపోతే చుక్కలు వినోదంగా మిగిలిపోతాయి. చుక్కలు లేకపోతే రాసినదాన్ని పిల్లలు దేనితో సరిచూసుకోవాలి? శిక్షణ_డెస్క్ గారు టీచర్లకు సిమ్యులేషన్ చూపించేటప్పుడు ఈ రెండూ కలిపే చూపించాలని నా మనవి. మీరు బటన్లు నేర్పి వదిలేస్తే ప్రశ్న ఎక్కడ పెట్టాలో వాళ్లకు తెలియదు.

ప్రధానోపాధ్యాయిని:

ఇక్కడ నా స్థానం నుంచి ఒక మాట. లెసన్ ప్లాన్ ఫార్మాట్‌లోనే చిక్కు ఉంది. "టెక్నాలజీ వినియోగం" అని ఒక గడి ఉంటుంది. ఖాళీగా వదిలితే తనిఖీలో అడుగుతారేమోనని టీచర్లు ఏదో ఒకటి నింపుతారు. "వీడియో చూపబడును." ఏ వీడియో, ఎన్ని నిమిషాలు, చూశాక పిల్లలు ఏం చేస్తారు, ఏదీ ఉండదు.

మా దగ్గర ఆ గడి తీసేసి మరోటి పెట్టాం: "ఈ పాఠంలో పిల్లలు ఎక్కడ ఆగిపోతారు?" టీచర్ మొదట ఇది రాయాలి. తర్వాతి గడి, "అక్కడ ఏం చేస్తాం?" దాంట్లో జవాబు టెక్నాలజీ కావచ్చు, ఒక కథ కావచ్చు, చేత్తో చేసే పని కావచ్చు. ఫలితం ఏమిటంటే, టెక్నాలజీ ఉన్న పాఠాల సంఖ్య తగ్గింది. ఉన్నవాటిలో మాత్రం నేను కూర్చుని చూస్తే కారణం కనిపిస్తోంది. క్లాసు పరిశీలనకు వెళ్లినప్పుడు నేను ప్రొజెక్టర్ వెలిగిందా లేదా అని రాసుకోను. టూల్ వాడిన ఆ పది నిమిషాల్లో పిల్లలు ఏం రాశారు, ఏం మాట్లాడారు, అది రాసుకుంటాను.

తనిఖీ చేసేవాళ్ల ఫారం మారకుండా టీచర్లను మారమనడం అన్యాయం. ఈ మాట శిక్షణ ఇచ్చేవాళ్లు పైవాళ్లకు గట్టిగా చెప్పాలి.

మొదటి_ఏడాది:

నేను కొత్తగా చేరాను, జీవశాస్త్రం. గుండెలో రక్తప్రసరణకు మంచి యానిమేషన్ వీడియో దొరికింది. చూపించాను, పిల్లలు కళ్లార్పకుండా చూశారు. మర్నాడు "కుడి జఠరిక (గుండె కింది గది) నుంచి రక్తం ఎక్కడికి పోతుంది?" అంటే ఎవరూ చెప్పలేదు. వీడియో ఇంకోసారి వేయాలా? వేరే వీడియో వెతకాలా?

లెక్కల_మేడమ్:

అదే వీడియో చాలమ్మా. ముక్కలు చెయ్యి. రిచర్డ్ మేయర్ అని విద్యా మనోవిజ్ఞానంలో పెద్ద పేరు. బొమ్మ, మాట కలిసినప్పుడు మెదడు ఎలా నేర్చుకుంటుందన్న దాని మీద ఆయన ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశారు. వాటిలో ఒకటి: సంక్లిష్టమైన వీడియో ఏకధాటిగా నడిచే కన్నా చిన్న చిన్న భాగాలుగా ఆగుతూ నడిస్తే బాగా అర్థమవుతుంది. ఇంకోటి: తెర మీద బొమ్మ ఉండగా, నోటితో చెబుతున్న వాక్యాలనే అక్షరాలుగానూ వేస్తే దృష్టి చెదిరి నేర్చుకోవడం తగ్గుతుంది. స్లైడ్లు చదివి వినిపించేవాళ్లందరికీ ఈ రెండో ముక్క చేరాలి.

రక్తం కుడి కర్ణికలోకి (పై గదిలోకి) రాగానే ఆపు. పిల్లల దగ్గర గుండె ఖాళీ బొమ్మ ఉండాలి. "తర్వాత ఎక్కడికి? బాణం గీయండి." గీశాక ప్లే. కుడి జఠరిక దగ్గర మళ్లీ ఆపు. "ఇప్పుడు ఊపిరితిత్తులకా, ఒళ్లంతటికా?" ఎడమ జఠరిక గోడ మందంగా ఎందుకుందో వాళ్లనే అడుగు. సౌండ్ ఆపేసి రెండోసారి వేసి, పిల్లలతో వ్యాఖ్యానం చెప్పించు. అదే మంచి పరీక్ష.

మొదటి_ఏడాది:

థ్యాంక్యూ మేడమ్. సౌండ్ ఆపేసి వాళ్లతో చెప్పించడం అనే ఆలోచనే నాకు రాలేదు. సోమవారం చేస్తాను.

తెలుగు_పండిట్:

అందరూ సైన్స్, లెక్కలే చెబుతున్నారు. భాష క్లాసులో నాకు బాగా పనికొచ్చింది ఫోన్‌లో ఉండే మామూలు రికార్డర్. ఇంకేమీ డౌన్‌లోడ్ చేయక్కర్లేదు.

పిల్లవాడు ఒక పేరా చదివి రికార్డు చేస్తాడు. తనే వింటాడు. చేతిలో అదే పేరా ఉంటుంది, ఎక్కడ తడబడ్డాడో పెన్సిల్‌తో గీత పెడతాడు. ఒత్తు పలకని చోట, వాక్యం మధ్యలో అనవసరంగా ఆగిన చోట. మళ్లీ చదివి రికార్డు చేస్తాడు. నేను "తప్పు" అనాల్సిన పని లేదు, తన చెవే చెబుతుంది. పది మంది ముందు చదవాలంటే టెన్షన్ పడే పిల్లలు ఇందులో చాలా నెమ్మదిగా, ధైర్యంగా ముందుకొస్తారు. నెల మొదట్లో రికార్డింగ్, చివర్లో రికార్డింగ్ పక్కపక్కన వినిపిస్తే తల్లిదండ్రులకు వేరే వివరణ అక్కర్లేదు. మార్కుల జాబితా ఇవ్వలేనిది అది.

ఒక్క జాగ్రత్త. పిల్లల గొంతులు వాట్సాప్ గ్రూపుల్లో తిరగకూడదు. విన్నాక, అవసరం తీరాక తీసేయాలి.

అందరి_బడి:

నేను ప్రత్యేక అవసరాలున్న పిల్లలతో పనిచేస్తాను. ఇంతవరకు వచ్చిన చర్చలో "టూల్ లేకపోతే ఏం పోతుంది?" అన్న ప్రశ్న బాగుంది. కానీ దాన్ని క్లాసు మొత్తాన్ని దృష్టిలో పెట్టుకుని అడుగుతున్నారు. ఒక్కొక్క పిల్లనూ తలుచుకుని అడగండి. చూపు లేని పాపకు స్క్రీన్ రీడర్ (తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) లేకపోతే పోయేది పాఠం మొత్తం. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితం, 2006 నుంచి ఉంది, తెలుగు కూడా చదువుతుంది. కానీ టీచర్ నోట్స్‌ను ఫోటో తీసి పంపితే అది చదవలేదు. టైపు చేసిన అక్షరాలైతేనే చదువుతుంది. బొమ్మకు పక్కన రెండు వాక్యాల వివరణ రాస్తే ఆ పాప గుండె బొమ్మను ఊహించుకోగలదు. వినికిడి తక్కువున్న బాబుకు వీడియోలో కాప్షన్లు (మాటలు తెర మీద అక్షరాలుగా) కావాలి. మేయర్ సూత్రం చెప్పి అతనికి అక్షరాలు తీసేయకండి, దయచేసి.

ఇదంతా లెసన్ ప్లాన్ రాసే దశలోనే జరగాలి. క్లాసు మొదలయ్యాక గుర్తొస్తే ఆ బిడ్డ ఆ రోజు ఊరికే కూర్చుంటుంది.

లెక్కల_మేడమ్:

చాలా సరైన మాట. కాప్షన్ల విషయం నేను చెప్పినదానికి చేర్చుకోవాలి.

భౌతికం_మాస్టారు:

ఇంకో చోట టెక్నాలజీ గట్టిగా అక్కరకొస్తుంది: పాఠం మధ్యలో ఎంతమందికి అర్థమైందో తెలుసుకోవడం. "అర్థమైందా?" అంటే "అయ్యింది సార్" అని కోరస్ వస్తుంది. దాన్ని నమ్మి ముందుకు పోలేం.

హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ 1990ల మొదటి నుంచి చేసిన పద్ధతి ఇది. భావనను పరీక్షించే ఒక ప్రశ్న, నాలుగు జవాబులు. ఎవరికి వాళ్లు ఓటు వేయాలి. సుమారు 30 శాతం కన్నా తక్కువ మంది సరిగ్గా చెబితే మళ్లీ బోధించాలి. 70 దాటితే క్లుప్తంగా వివరించి ముందుకెళ్లాలి. మధ్యలో ఉంటే పక్కవాళ్లతో చర్చించి మళ్లీ ఓటు వేయాలి. అందరి దగ్గరా ఫోన్లు ఉండాలని లేదు. ప్లికర్స్ అని ఉంది, పిల్లల చేతిలో అచ్చేసిన కార్డులుంటాయి, కార్డు తిప్పిన దిక్కే జవాబు. టీచర్ ఫోన్ కెమెరా స్కాన్ చేస్తే లెక్క వస్తుంది.

లెసన్ ప్లాన్‌లో ఆ ప్రశ్న ఒక్కటే రాస్తే సరిపోదు. "తక్కువ వస్తే ఇది చేస్తా, మధ్యలో వస్తే ఇది, ఎక్కువ వస్తే ఇది" అని మూడూ రాసుకోవాలి. లెక్క వచ్చాక పాఠం దారి మారకపోతే ఆ ఓటింగ్ ఎందుకు?

నల్లబల్ల:

చేతులెత్తించినా లెక్క వస్తుంది కదా?

భౌతికం_మాస్టారు:

వస్తుంది. కానీ క్లాసులో బాగా చదివే అమ్మాయి చెయ్యి ఎటు లేస్తుందో చూసి మిగతావాళ్లు లేపుతారు. నాకు కావాల్సింది ఎవరి జవాబు వాళ్లది. కార్డులు అక్కర్లేదనుకుంటే పలక మీద రాసి ఒక్కసారి అందరూ పైకెత్తించండి, అదీ మంచిదే.

నల్లబల్ల:

పలకల మాట నాకు సరే.

శిక్షణ_డెస్క్:

ఇన్ని నిజమైన పాఠాలు ఒకే చోట దొరకడం నాకు పెద్ద మేలు. ఒక సందేహం. టీచర్లు ఇప్పుడు లెసన్ ప్లాన్లనే ఏఐ చాట్‌బాట్‌లతో రాయించుకుంటున్నారు. రెండు నిమిషాల్లో చూడచక్కని ప్లాన్ వస్తుంది. దీన్ని శిక్షణలో వద్దనాలా, ఎలా వాడాలో చెప్పాలా?

ప్రధానోపాధ్యాయిని:

వద్దంటే దాచి వాడతారు. ఎలా వాడాలో చెప్పడమే మేలు. "ప్లాన్ రాసివ్వు" అని అడిగితే వచ్చేది ఏ క్లాసుకూ సరిపడని ప్లాన్. మీ క్లాసులో ఎవరున్నారో దానికి తెలియదు. బదులుగా "ఈ భావనలో పిల్లలు సాధారణంగా పొరపడే చోట్లు చెప్పు, ఒక్కో పొరపాటు బయటపడేలా ప్రశ్న తయారుచెయ్యి" అని అడిగితే టీచర్‌కు ముడిసరుకు దొరుకుతుంది. అందులో ఏది ఉంచాలో, ఏది తీసేయాలో నిర్ణయం టీచర్‌దే. అది తప్పు విషయాన్ని కూడా ఎంతో నమ్మకంగా రాస్తుంది, కాబట్టి ప్రతి వాస్తవాన్నీ పాఠ్యపుస్తకంతో సరిచూడాలి. పిల్లల పేర్లు, మార్కులు, ఇంటి పరిస్థితులు అందులో టైపు చేయకూడదు. పిల్లల చేత నేరుగా వాడించే విషయంలో యునెస్కో 2023 మార్గదర్శకాలు కనీసం 13 ఏళ్ల వయసు పరిమితి గురించి చెబుతున్నాయి, అది కూడా శిక్షణలో చేర్చండి.

తెలుగు_పండిట్:

తెలుగులో అడిగినప్పుడు వ్యాకరణ ఉదాహరణలు మరీ జాగ్రత్తగా చూడాలి. సంధి పేరు ఒకటి, ఉదాహరణ ఇంకొకటి వస్తున్నాయి.

శిక్షణ_డెస్క్:

సరే, నా తర్వాతి శిక్షణకు ఒక నమూనా రాస్తున్నాను, తప్పులుంటే చెప్పండి. టూల్స్ జాబితా ఉండదు. ప్రతి టీచర్ వచ్చే రెండు వారాల్లో చెప్పబోయే పాఠం ఒకటి తెచ్చుకోవాలి. మొదటి పూట కంప్యూటర్లు తెరవం. ఒకే సబ్జెక్టు వాళ్లు కలిసి కూర్చుని, పిల్లలు ఆగిపోయే చోటు ఒక వాక్యంలో రాస్తారు. వీలైతే పిల్లల పాత జవాబు పత్రాలు దగ్గర పెట్టుకుంటారు. తర్వాత ఆ చోటుకు ఏం చేస్తే బాగుంటుందో ఆలోచన. టూల్ కావాలని తేలినవాళ్లకే మధ్యాహ్నం ఆ టూల్ నేర్పుతాం. వద్దని తేలినవాళ్లు తమ ప్రశ్నలను పదును పెట్టుకుంటారు. చివర్లో ఒక్కొక్కరు ఆ పది నిమిషాల భాగాన్ని తోటి టీచర్ల ముందు చెప్పి చూపిస్తారు.

2006లో పున్య మిశ్రా, మాథ్యూ కోలర్ చెప్పిన టీప్యాక్ నమూనా మా శిక్షణల్లో ఎప్పుడూ ఒక స్లైడ్‌గా ఉంటుంది. విషయం, బోధన, టెక్నాలజీ మూడూ కలిసిన చోటే టీచర్ నైపుణ్యం అని. ఈసారి స్లైడ్ లేకుండా, ఆ మూడూ టీచర్ తెచ్చిన పాఠంలోనే కలిసేలా చూడాలనుకుంటున్నాను.

ప్రధానోపాధ్యాయిని:

బాగుంది. కానీ శిక్షణ రోజుతో ఆపకండి. సిద్ధాంతం చెప్పి, చేసి చూపించి, సాధన చేయించినా, తర్వాత క్లాసులో తోడు లేకపోతే కొత్త పద్ధతి నిలవడం అరుదని బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ 1980ల నుంచి చెబుతూ వచ్చారు. ఆ పాఠం చెప్పే రోజు ఒకరు వెనక బెంచీలో కూర్చోవాలి. మీరే రానక్కర్లేదు. అదే బడిలోని ఇంకో టీచర్ చాలు. ఆ టీచర్‌కు ఆ ఒక్క పిరియడ్ ఖాళీ ఇవ్వడం నాలాంటివాళ్ల బాధ్యత. మీరు శిక్షణకు పిలిచే ఉత్తరంలోనే ప్రధానోపాధ్యాయులను ఆ పిరియడ్ అడగండి. ఇవ్వనివాళ్లు తక్కువే ఉంటారు.

మొదటి_ఏడాది:

ఇంకో చిన్న విషయం సార్. కరెంటు పోతే, నెట్ రాకపోతే ఏం చేయాలో కూడా ప్లాన్‌లో రాయించండి. మాలాంటి కొత్తవాళ్లు అక్కడే బిగుసుకుపోతాం, సగం పిరియడ్ కేబుళ్లతోనే గడిచిపోతుంది.

భౌతికం_మాస్టారు:

ఫెట్ సిమ్యులేషన్లలో కొత్తవి చాలావరకు ఒక్కో ఫైలుగా డౌన్‌లోడ్ అవుతాయి. పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే నెట్ లేకుండా బ్రౌజర్‌లోనే తెరుచుకుంటాయి. కరెంటే పోతే, సిమ్యులేషన్‌లో మూడు ముఖ్యమైన దశల బొమ్మలు ముందే ప్రింట్ తీసి పెట్టుకోండి: స్విచ్ మూయక ముందు, మూశాక, రెండో బల్బు కలిపాక. రీడింగులు ఉన్న చోట కాగితం అంటించి ఉంచండి. పిల్లలు ఊహించి రాశాకే ఆ కాగితం తీయండి.